గజం ధర పెరిగితే తీరం బాగుపడినట్టా?

ఆంధ్ర తీరంలో ఇప్పుడు ఎక్కడికి వెళ్లినా ఒకే మాట వినిపిస్తోంది. రోడ్డు వస్తోంది, పోర్టు వస్తోంది, ఇక మన దశ తిరిగినట్టే అని. శ్రీకాకుళం జిల్లా మూలపేట నుంచి బందరు (మచిలీపట్నం) మీదుగా రామాయపట్నం దాకా ఇదే ఆశ. నాయకులు సభల్లో చెబుతారు, వెంచర్ల వాళ్లు బ్రోచర్లలో అచ్చేస్తారు, పత్రికలు ప్రత్యేక పేజీల్లో రాస్తాయి. పోర్టు వెంట పరిశ్రమలు, రోడ్డు వెంట పర్యాటకులు, పర్యాటకుల వెంట హోటళ్లు, రిసార్టులు వస్తాయట. వాటితో భూమి ధర పెరిగి తీరవాసుల బతుకు బాగుపడుతుందట.

ఈ వాదం ఒప్పుకోదగ్గది కాదు. ఇందులో ప్రతి మెట్టూ బలహీనమైనదే. ధర పెరిగితే బతుకు బాగుపడుతుందన్న చివరి మెట్టయితే అసలు లేనేలేదు.

అలాగని రోడ్లు, రేవులు వద్దని వాదించడం నా ఉద్దేశం కాదు. సరైన జెట్టీలు లేక, ఇక్కడ వేట గిట్టక ఉత్తరాంధ్ర మత్స్యకారులు తరాలుగా గుజరాత్‌లోని వెరావల్ దాకా వలస పోతున్నారు. అలా వెళ్లిన మనవాళ్లే 2018 చివర్లో పాకిస్తాన్ సముద్ర భద్రతా సంస్థకు పట్టుబడి, ఏడాదికి పైగా కరాచీ జైల్లో మగ్గి, 2020 జనవరిలో వాఘా మీదుగా ఇల్లు చేరారు. సొంత ఊళ్లో పని కావాలన్న వాళ్ల కోరిక ఎంత న్యాయమైనదో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. అయితే వాళ్ల ఆకలిని చూపించి తెచ్చిన ప్రాజెక్టు వాళ్ల ఆకలి తీరుస్తోందా అన్నది అడిగి తీరాల్సిన ప్రశ్న.

ముందుగా ఇసుక సంగతి చూద్దాం. తీరాన్ని గురించి మాట్లాడే పెద్దలు దాదాపు ఎప్పుడూ ఎత్తని విషయం ఇదే.

తూర్పు తీరంలో ఇసుక ఒకచోట నిలిచి ఉండదు. ఏడాదిలో ఎక్కువ నెలలు నైరుతి గాలులకు లేచే కెరటాలు దాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి నడిపిస్తాయి. ఈశాన్య రుతుపవనాల కాలంలో కొంత వెనక్కి వస్తుంది. మొత్తం మీద ఏటా లక్షల ఘనపు మీటర్ల ఇసుక ఒడ్డు వెంట ఉత్తర దిక్కుకే కదులుతుంది. ఆ దారిలో సముద్రంలోకి రాతి గోడ కట్టినా, ఓడల కోసం లోతైన కాలువ తవ్వినా ఇసుక నడక ఆగుతుంది. గోడకు దక్షిణాన ఇసుక మేట వేస్తుంది. ఉత్తరాన రావాల్సిన ఇసుక రాక ఒడ్డు కోతకు గురవుతుంది. తీర ఇంజినీరింగు చదివిన వాళ్లందరికీ ఇది మొదటి పాఠం.

మన విశాఖే దీనికి పాత సాక్ష్యం. 1933లో ఇక్కడ రేవు మొదలైనప్పుడు ఇసుక కాలువలోకి రాకుండా డాల్ఫిన్స్ నోస్ దగ్గర రెండు పాత ఓడల్ని ముంచి అడ్డుకట్టగా వాడారు. 1970ల్లో అవుటర్ హార్బర్ వచ్చింది. ఆ తర్వాత ఆర్కే బీచ్‌కు సహజంగా చేరాల్సిన ఇసుక పోర్టు దగ్గరే చిక్కుకుపోతోంది. అందుకే డ్రెడ్జర్‌తో ఇసుక తోడి, గొట్టాల ద్వారా నీళ్లతో కలిపి బీచ్ మీద పోసే పని అక్కడ తప్పనిసరి అయింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చిన తర్వాత బీచ్ రోడ్డు అంచులు ఎలా కూలాయో విశాఖవాసులు కళ్లారా చూశారు. రాష్ట్రమంతా గొప్పగా చెప్పుకునే ఆ బీచ్ నిలబడాలంటే ఇసుక తోడి పొయ్యక తప్పని పరిస్థితి. తోడటం ఆగితే పర్యాటకం కాదు కదా, రోడ్డు నిలవడమే కష్టం.

పుదుచ్చేరి కథ ఇంకా కఠినం. 1980ల చివర్లో అక్కడ రేవు కోసం రాతి గోడలు కట్టారు. పర్యాటకుల్ని ఆకర్షించిన ఇసుక బీచ్ కొన్నేళ్లలో మాయమై, పట్టణం ముందు బండరాళ్ల గోడ మిగిలింది. ముప్పై ఏళ్ల తర్వాత నీళ్లలో ప్రత్యేక కట్టడం కట్టి, ఇసుక పోసి, పోయిన బీచ్‌లో కొంత భాగాన్ని వెనక్కి తెచ్చుకోవాల్సి వచ్చింది. పోర్టు వస్తే పర్యాటకం దానంతటదే వస్తుందనేవాళ్లు పుదుచ్చేరిని ఒక్కసారి చూసి రావాలి.

చెన్నై మెరీనా పోర్టు వల్లే ఏర్పడింది కదా అని ఎదురు వాదన చేసేవాళ్లున్నారు. నిజమే. చెన్నై రేవు గోడకు దక్షిణాన ఇసుక మేట వేసి మెరీనా విశాలమైంది. కానీ అదే గోడకు ఉత్తరాన రాయపురం నుంచి ఎన్నూరు వైపు మత్స్యకార వాడలు దశాబ్దాలుగా ఒడ్డు కోల్పోతూ వచ్చాయి. దక్షిణాన నగరానికి విహార స్థలం దొరికితే, ఉత్తరాన మత్స్యకారుల ఇళ్లు కెరటాల పాలయ్యాయి. ఎవరి లాభం ఎవరి నష్టం మీద నిలబడిందో చెప్పడానికి మెరీనా కంటే మంచి ఉదాహరణ లేదు. ఒడ్డు పోతే ఊరే పోతుంది. ఒడిశాలో రుషికుల్య నదీ ముఖద్వారం దగ్గర పొడంపేట అనే ఊరుంది. అక్కడ ఉండేది తెలుగు మాట్లాడే మత్స్యకారులే. సముద్రం ముందుకు వచ్చి ఆ ఊరిని చాలావరకు మింగేసింది, జనం ఊరు వదిలి వెళ్లాల్సి వచ్చింది.

కోతకు కారణం పోర్టులు మాత్రమే కావు. కృష్ణా, గోదావరి మీద కట్టిన జలాశయాలు ఒండ్రును పైనే ఆపేయడంతో డెల్టా తీరానికి అందాల్సిన మట్టి తగ్గింది. అలాంటప్పుడు ఇప్పటికే ఆకలితో ఉన్న తీరానికి ఇంకో అడ్డుగోడ కట్టేముందు మరింత జాగ్రత్తగా ఉండాలి. రాష్ట్ర తీరంలో నాలుగో వంతుకు పైగా కోతకు గురవుతోందని కేంద్ర ప్రభుత్వానికే చెందిన జాతీయ తీర పరిశోధన కేంద్రం తేల్చింది. అయినా మనం ఒక్కో పోర్టుకు విడివిడిగా పర్యావరణ అనుమతి తీసుకుంటున్నాం. విశాఖ, గంగవరం, కాకినాడ, కృష్ణపట్నం ఇప్పటికే ఉన్నాయి. వాటికి రామాయపట్నం, మచిలీపట్నం, మూలపేట తోడవుతున్నాయి. ఇవన్నీ కలిసి తీరం మొత్తం ఇసుకను ఏం చేస్తాయన్న ఉమ్మడి లెక్క ప్రజల ముందు పెట్టిన వాళ్లు లేరు.

ఇక రోడ్డు దగ్గరికి వద్దాం. కాకినాడ నుంచి ఉప్పాడకు సముద్రాన్ని ఆనుకుని వెళ్లే బీచ్ రోడ్డు ఉంది. ప్రయాణానికి ఎంత అందమైన రోడ్డో, నిలబెట్టడానికి అంత కష్టమైన రోడ్డు. తుఫాను హెచ్చరిక వచ్చిందంటే దాని మీద రాకపోకలు ఆపేస్తారు. కెరటాలు గోడ దాటి తారు మీద పడతాయి, తారు కింద ఇసుక కొట్టుకుపోతుంది, పైన పెచ్చులు లేచి పలకల్లా విరిగిపడతాయి. మళ్లీ లారీల్లో బండరాళ్లు తెచ్చి పోస్తారు, మళ్లీ తారు వేస్తారు. 2010 ప్రాంతంలో ఇసుక నింపిన జియో ట్యూబులతో రక్షణ గోడ కట్టారు. అదీ దెబ్బతింది. జాందానీ చీరలతో దేశమంతటా పేరున్న ఉప్పాడలో ఇళ్లు, గుళ్లు, వీధులు ఒక్కొక్కటిగా సముద్రంలో కలిశాయి. అక్కడి పెద్దవాళ్లు చెయ్యి చాచి నీళ్ల వైపు చూపించి, మా ఇల్లు అక్కడుండేది అని చెబుతారు. తీరం వెంట రోడ్డు వేసినంత మాత్రాన తీరం వశమైపోదని చెప్పడానికి ఉప్పాడ చాలు. సముద్రం పక్కనే వేసిన ప్రతి కిలోమీటరు రోడ్డూ శాశ్వత మరమ్మతు ఖర్చును నెత్తిన పెట్టుకోవడమే. ఆ ఖర్చు బ్రోచర్లలో కనిపించదు, మన పన్నుల్లో కనిపిస్తుంది.

రోడ్డు పర్యాటకుల్ని తెస్తుంది, అందులో అబద్ధం లేదు. కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా 216వ నంబరు జాతీయ రహదారి బాగుపడ్డాక బాపట్ల సూర్యలంక, చీరాల దగ్గరి వాడరేవు, రామాపురం బీచ్‌లకు శని, ఆదివారాల్లో హైదరాబాదు నుంచి కూడా జనం వస్తున్నారు. టిఫిన్ బండ్లకు, ఆటోలకు, గదులు అద్దెకిచ్చేవాళ్లకు నాలుగు రూపాయలు వస్తున్నాయి. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ ఆ తీరంలో రిసార్టు కంటే ముందు నుంచీ ఉన్నదాన్ని కూడా చూడాలి. బాపట్ల, చీరాల ఇసుక నేలల్లో రైతులు దొరువులు తవ్వుకుని వ్యవసాయం చేస్తారు. దొరువంటే ఇసుకలో తీసిన లోతు తక్కువ గుంట. వాన నీరు ఇసుకలో ఇంకి, అడుగునున్న ఉప్పునీటి పైన పలుచటి పొరగా తేలుతుంది. ఆ తియ్యటి పొరను చెదరనివ్వకుండా, అవసరమైనంతే చేదుకుని వేరుశనగ, కూరగాయలు, పూలు పండించడం అక్కడి వాళ్ల నేర్పు. ఆ పక్కనే రిసార్టు వచ్చి, ఈత కొలనుకూ గదులకూ మోటారు పెట్టి లోతు బోరు నుంచి లాగితే పైపొర ఖాళీ అవుతుంది, అడుగునుంచి ఉప్పు పైకి ఎక్కుతుంది. ఒకసారి ఉప్పెక్కిన దొరువు మళ్లీ మంచి నీళ్లివ్వడానికి ఏళ్లు పడుతుంది. తీర ప్రాంత నియంత్రణ నిబంధనలు సముద్రానికి దగ్గర్లో భూగర్భ జలం తోడటంపై ఆంక్షలు పెట్టింది ఇందుకే. ఆ ఆంక్షల్ని నిజంగా అమలు చేస్తున్నదెవరు?

పర్యాటకుడు తీరానికి వచ్చేది సిమెంటు చూడటానికి కాదు. విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలో ఉన్న ఎర్రమట్టి దిబ్బలు వేల ఏళ్ల గాలులు, సముద్ర మట్టాల మార్పులు కలిసి చేసిన అపురూపమైన భూస్వరూపాలు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ వాటిని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోనూ చోటు దక్కింది. ఆ దిబ్బల పక్కనే 2024లో ఇళ్ల స్థలాల కోసం యంత్రాలు దిగి తవ్వుతుంటే పర్యావరణవేత్తలు, పౌరులు గొడవ చేస్తే తప్ప పని ఆగలేదు. అదే దారిలో తొట్లకొండ, బావికొండ ఉన్నాయి. రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ విహారాలవి. వాటి చుట్టూ కొండ వాలుల్ని ఎవరికీ కేటాయించొద్దని కూడా పౌరులే పోరాడాల్సి వచ్చింది. విశాఖలోని రుషికొండ మీద పాత పర్యాటక రిసార్టు పడగొట్టి, కొండ తొలిచి, వందల కోట్లతో కట్టిన భవనాలు ఏళ్ల తరబడి ఎవరికీ ఉపయోగపడలేదు. ఏ పార్టీ ప్రభుత్వమైనా తీరు ఒకటే. ఆకర్షణను నాశనం చేసి, ఆకర్షణ పేరుతోనే స్థలం అమ్ముతాం.

పైగా సరుకు రవాణా పోర్టుకూ పర్యాటకానికీ స్నేహం సహజం కాదు. బొగ్గు, ఇనుప ఖనిజం ధూళి గురించి విశాఖ పాతనగరం వాసులు దశాబ్దాలుగా మొత్తుకుంటున్నారు. బయటి మనిషి పోర్టు గోడ దాటి సముద్రం వైపు అడుగు పెట్టలేడు. విశాఖ దగ్గరి గంగవరంలో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకుందాం. సహజంగా ఏర్పడిన రేవులో గంగవరం, దిబ్బపాలెం మత్స్యకారులు తరతరాలుగా పడవలు దింపుకునేవారు. అక్కడ పోర్టు కట్టొద్దని, కడితే తమకు జెట్టీ కావాలని ఆందోళన చేశారు. 2006లో పోలీసు కాల్పులు జరిగి ఒక మత్స్యకారుడు ప్రాణం కోల్పోయాడు. 2009లో పోర్టు మొదలైంది. ఆ రేవు, ఆ ఒడ్డు వాళ్లకు దూరమయ్యాయి.

ఇప్పుడు అసలు విషయానికి, అంటే భూమి ధరకు వద్దాం. పోర్టు వార్త పేపర్లో పడగానే బయటి ఊళ్ల నుంచి కార్లు దిగుతాయి. వాళ్లు ఎకరాల్లో కొంటారు, గజాల్లో అమ్ముతారు. లాభమంతా ఆ రెండు కొలతల మధ్యే ఉంది. మొదట అమ్మేది అప్పుల్లో ఉన్న చిన్న రైతు. అతనికి దక్కేది మొదటి ధర. ఆ తర్వాత అదే భూమి అగ్రిమెంటు మీద అగ్రిమెంటుతో, రిజిస్ట్రేషన్ కూడా కాకుండా, మూడు నాలుగు చేతులు మారుతుంది. పెరిగిన ధరలో ప్రతి రూపాయీ ఆ చేతుల్లోకి పోతుంది. రైతు కొడుకు పెళ్లీడుకొచ్చి ఇల్లు కట్టుకోవాలనుకునేసరికి సొంత ఊళ్లో వంద గజాలు కొనే స్థోమత ఉండదు. ధర పెరిగింది నిజమే. పెరిగింది ఎవరికి?

పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూముల పరిస్థితి ఇంకా అన్యాయం. వాటిని అమ్మడం, కొనడం చెల్లదని 1977లోనే చట్టం చేశారు. అయినా తెల్ల కాగితాల మీద నామమాత్రపు ధరకు రాయించుకోవడం ఆగలేదు. 2023లో ఆ చట్టాన్ని సవరించి, ఇరవై ఏళ్లు దాటిన భూముల్ని అమ్ముకోవచ్చన్నారు. పేదకు హక్కు రావడం మంచిదే. కానీ ఆ హక్కు వచ్చేనాటికే కాగితం ఇంకొకరి బీరువాలో ఉంటే, లాభం ఎవరిదో వేరే చెప్పాలా?

పోర్టు రాకముందే పోర్టు పేరు చెప్పి భూమి పోయిన చోట్లూ ఉన్నాయి. 2008లో వాడరేవు, నిజాంపట్నం రేవులతో పారిశ్రామిక కారిడార్ అన్నారు. ప్రకాశం, గుంటూరు జిల్లాల తీరంలో వేల ఎకరాలు దాని కిందికి వెళ్లాయి. రేవులు రాలేదు, పరిశ్రమలు రాలేదు, కోర్టు కేసులు మాత్రం మిగిలాయి. బందరు పోర్టుకు 2008లో, 2019లో, 2023లో ముగ్గురు ముఖ్యమంత్రులు శంకుస్థాపన చేశారు. ప్రతిసారీ చుట్టుపక్కల ధరలు లేచాయి, పడ్డాయి. భూసేకరణ ప్రకటనల నీడలో రైతులు అమ్ముకోలేక, అప్పు తెచ్చుకోలేక ఏళ్లు గడిపారు. కాకినాడ ప్రత్యేక ఆర్థిక మండలి (సెజ్) కోసం కోన ప్రాంతంలో వేల ఎకరాలు తీసుకుంటే, పదిహేనేళ్ల పోరాటం తర్వాత 2021లో రెండు వేలకు పైగా ఎకరాలు రైతులకు తిరిగివ్వాలని ప్రభుత్వమే నిర్ణయించింది. అంత భూమి అక్కర్లేదని అప్పుడు తేలింది. అక్కర్లేని భూమిని మొదట తీసుకున్నదెందుకు?

భూమి ఉన్నవాడికి కనీసం మొదటి ధర దక్కుతుంది. మత్స్యకారుడికి అదీ లేదు. ఎందుకంటే అతని పొలం ఇసుక, ఆ ఇసుకకు పట్టా ఉండదు. తెల్లవారుజామున ఒడ్డుకెళ్లి చూడండి. అలివి వల వేసి, రెండు వైపులా మనుషులు వరుసగా నిలబడి తాళ్లు లాగుతుంటారు. ఆ లాగుడుకు ఎంత ఒడ్డు కావాలో చూస్తే తెలుస్తుంది. వల ఒడ్డెక్కాక ఆడవాళ్లు చేపలు ఏరి గంపల్లో వేస్తారు. నెత్తళ్లను అదే ఇసుక మీద పరిచి ఎండబెడతారు. తెప్పలు, మరపడవలు ఆటుపోట్లకు అందకుండా పైకి లాగి పెడతారు. మగవాళ్లు కొబ్బరాకుల పాక కింద కూర్చుని వలలు బాగుచేసుకుంటారు. ఒక ఊరి కార్ఖానా, మార్కెట్టు, గోదాము అన్నీ ఆ ఒడ్డే. సర్వే రికార్డుల్లో మాత్రం అది ఖాళీ జాగా. సీ వ్యూ విల్లాకు కంచె పడిన రోజున ఆ ఊరికి పనిచోటు పోతుంది. ఒడ్డుకు వెళ్లే దారి మూసుకుపోతే ఫర్లాంగు చుట్టు తిరిగి గంపలు మోసేది ఆడవాళ్లే.

2013 భూసేకరణ చట్టం ఈ సంగతి గుర్తించింది. భూమి లేకపోయినా నీటి వనరుల మీద బతికే మత్స్యకారుల్ని, పడవ నడిపేవాళ్లను బాధిత కుటుంబాలుగా లెక్కించాలని స్పష్టంగా చెప్పింది. చట్టంలో ఉన్న ఆ మాట పల్లెల్లో పరిహారం జాబితాల్లోకి రావడానికి ఇప్పటికీ ఆందోళనలే దిక్కు.

చివరగా ప్రాణాల సంగతి. 1864 నవంబరులో ఉప్పెన బందరును ముంచి దాదాపు ముప్పై వేలమందిని పొట్టన పెట్టుకుంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే సుమారు పదివేల మంది పోయారు. ఆ తర్వాతే సరుగుడు తోటలు, మడ అడవులు, ఇసుక దిబ్బలు మనకు గోడలని ప్రభుత్వాలకు తెలిసొచ్చింది. ఇప్పుడు దిబ్బల్ని చదును చేసి ప్లాట్లు వేస్తున్నాం. 2019 జనవరిలో వచ్చిన తీర నియంత్రణ ప్రకటన, చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి జనమున్న గ్రామీణ తీరంలో నిర్మాణాలు నిషేధించిన పట్టీని 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు కుదించింది. సముద్రం ఎక్కడిదాకా రాగలదో చూపించే ప్రమాద రేఖను గీయించి కూడా, నిర్మాణాల నియంత్రణకు దాన్ని వర్తింపజేయకుండా విపత్తు నిర్వహణకే పరిమితం చేసింది. సముద్రం ముందుకు వస్తున్న కాలంలో మనం ఇళ్లను సముద్రం వైపు జరుపుతున్నాం. ఆ ఇళ్లు కొనేది ఎక్కడో జీతాలు దాచుకుని రిటైరయ్యాక సముద్రం చూస్తూ బతకాలనుకునే మధ్యతరగతి మనిషి, పండక్కి ఇంటికొచ్చే అమెరికా తెలుగువాడు. ప్లాటు అమ్మినవాడు ఆ రేఖ గురించి వాళ్లకు చెప్పడు.

అయితే ఏం చెయ్యాలి? పోర్టు కట్టే ప్రతి సంస్థా తాను ఆపిన ఇసుకను తానే తోడి ఉత్తర ఒడ్డుకు చేర్చాలి. ఆ షరతును ఒప్పందంలోనే రాయాలి, చేర్చిన లెక్క ఏటా పంచాయతీల ముందు పెట్టాలి. చేపల రేవులకు కట్టే గోడలకూ ఇదే నియమం ఉండాలి. అన్ని రేవుల ఉమ్మడి ప్రభావం తేలేదాకా కొత్త పోర్టుకు అనుమతి ఇవ్వకూడదు. ప్రతి మత్స్యకార గ్రామానికి పడవలు దింపే చోటు, వలలు ఆరేసే చోటు, ఒడ్డుకు వెళ్లే దారి కొలిచి, ఊరి ఉమ్మడి హక్కుగా రికార్డులకెక్కించాలి. ప్రమాద రేఖను రిజిస్ట్రేషన్ కార్యాలయాల్లో గోడ మీద అంటించాలి. పోర్టు వాడుకోని భూమిని గడువు దాటగానే రైతుకు తిరిగివ్వాలి. పర్యాటకానికి పెట్టే డబ్బులో ముందు వాటా మరుగుదొడ్లకు, మంచినీళ్లకు, గజ ఈతగాళ్లకు, ఊళ్లోనే గదులు అద్దెకిచ్చే కుటుంబాలకు చేరాలి. ఇవేవీ అసాధ్యమైన కోరికలు కావు, అభివృద్ధికి అడ్డూ కావు.

తీరంలో ఉండేవాళ్లకు నా విన్నపం ఒకటే. రేపు మీ ఊళ్లో పోర్టు మీదో, బీచ్ రోడ్డు మీదో ప్రజాభిప్రాయ సేకరణ పెడితే తప్పకుండా వెళ్లండి. గజం ఎంత పలుకుతుందని అడక్కండి. ఇసుక ఎక్కడికి పోతుంది, ఒడ్డుకు దారి ఎవరిది, పని ఎందరికి, ఎన్నేళ్లు అని అడగండి. సమాధానం కాగితం మీద రాసి సంతకం పెట్టించుకోండి. ఆ సంతకం పెట్టడానికి వెనకాడే ప్రాజెక్టు మీ కోసం వస్తున్నది కాదు.